గాలికుంటు వ్యాధియు శరణుల దయాధర్మమును



శివాలయమునకు పోయిన భక్తుడు ముందుగా నందీశ్వరుని చెంత నిలుచును. నంది కొమ్ముల నడుమ చూపు నిలిపి శివుని దర్శించును. వృషభ శబ్దమే తద్భవమై బసవ నామమైనది. బసవేశ్వరుడు నందీశ్వరుని అవతారమని పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున తెలుగువారికి చాటి చెప్పెను. కావున లింగధారి యింట పశువు కేవలము ధనము కాదు. అది గురువు పేరు మోయు ప్రాణి. అట్టి ప్రాణి నోట పుండ్లు పడి, గిట్టలు చీలి, ఎదుట మేత ఉన్నను తినలేక చొంగ కార్చుచు నిలిచినపుడు శరణుని ధర్మమేమి? పూజ చేయుటయా? జాలిపడుటయా? లేక మరేదైన చేయవలసి యున్నదా?

సికింద్రాబాదు చెంతనున్న నేరేడ్‌మెట్ ఒకప్పుడు పల్లె. పశువులు మేసిన బీళ్ళపై నేడు మేడలు లేచినవి. సఫిల్‌గూడ చెరువు చుట్టును, రామకృష్ణాపురము చెరువు చుట్టును కాలనీలు వెలసినవి. అయినను నగరపు శివారులలో పాడి పూర్తిగా తొలగిపోలేదు. రేకుల కొట్టములలో పదియో ఇరువదియో గేదెలను కట్టుకొని, తెల్లవారకమున్నే పాలు పిదికి ఇంటింటికి పోయు కుటుంబములు ఇంకను కలవు. ఆ గేదెలలో అనేకము ఈ నేలపై పుట్టినవి కావు. హర్యానా ప్రాంతము నుండి ముర్రా జాతి గేదెలను తెప్పించుకొనుట హైదరాబాదు పాడివారికి చిరకాలముగా ఉన్న అలవాటు. పాలు పోయించుకొను ఇల్లాలికి గేదె కనబడదు. గేదె వచ్చిన దారి అసలే కనబడదు. వ్యాధి మాత్రము ఆ దారినే నడచి వచ్చును.

ఆ వ్యాధికి మన పల్లెవారు గాలికుంటు అని పేరు పెట్టిరి. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో కనుగొనిన సత్యము ఈ చిన్న మాటలోనే యిమిడి యున్నది. గాలిలో వచ్చును, పశువును కుంటించును. మొదట తీవ్రమైన జ్వరము. తరువాత నాలుకపైన, చిగుళ్ళపైన, గిట్టల నడుమ, పొదుగుపైన నీటి బొబ్బలు లేచును. అవి చితికి పుండ్లగును. పశువు నెమరు మానును, పాలు పడిపోవును. పెద్ద పశువులు చాలవరకు ప్రాణముతో బయటపడును గాని కొన్ని మునుపటి పాడికి ఎన్నటికిని రావు. ఎండ తగిలినచో రొప్పుచుండును. లేగదూడల గతి వేరు. వాటి గుండె కండరమునే ఈ వ్యాధి పట్టుకొనును. నోట ఒక్క పుండైనను కనబడకముందే దూడ కూలిపోవుట కలదు.

ఈ వ్యాధి ఒక్క దేశమునకు చెందినది కాదు. 1514లో ఇటలీ దేశమున వెరోనా ప్రాంతపు పశువులలో దీనిని బోలిన రోగమును ఫ్రాకాస్టోరియస్ అను వైద్యుడు వర్ణించెను. 1897లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞులు లోఫ్లర్, ఫ్రాష్ అనువారు సూక్ష్మక్రిములను సైతము నిలిపివేయు వడపోత గుండా కూడ ఈ రోగకారకము దాటిపోవుచున్నదని నిరూపించిరి. జంతువులలో వైరస్ వలన కలుగునని తెలిసిన మొదటి వ్యాధి ఇదియే. దీని వైరస్‌లో ఏడు రకములు గలవు. ఒక రకమునకు వచ్చిన రక్షణ మరియొక రకమునకు అక్కరకు రాదు. మన దేశమున ఓ, ఎ, ఏషియా-1 అను మూడు రకములకు టీకా వేయుదురు.

ఇక దీని నడక ఎట్టిదో చూడవలెను. ఓ రకములోని ఒక శాఖ 1990లో ఉత్తర భారతమున గుర్తింపబడెను. అది నేపాలునకు, అరబ్బు దేశములకు, తైవానునకు ప్రాకెను. 2000లో కొరియా, జపాను, దక్షిణాఫ్రికా దేశములలో కనబడెను. 2001లో బ్రిటన్ చేరెను. అక్కడ ఒక పందుల పెంపకశాలలో వ్యాధి ముందుగా సోకినను ఆ సమాచారము అధికారులకు అందలేదు. చివరకు ఫిబ్రవరి మాసమున ఒక కబేళాలో అది బయటపడెను. అప్పటికే సంతలలో చేతులు మారిన గొఱ్ఱెల ద్వారా కనీసము 57 చోట్లకు వ్యాధి చేరిపోయినదని తరువాతి విచారణలో తేలెను. వ్యాధిని అణచుటకై ఆ దేశమున 60 లక్షలకు పైగా పశువులను, గొఱ్ఱెలను, పందులను చంపవలసి వచ్చెను. వాటిలో అనేకమునకు వ్యాధియే లేదు. మొదటి కొట్టములో పలుకవలసిన ఒక్క మాట పలుకకపోవుటచే ఇన్ని లక్షల మూగప్రాణులు బలియైనవి.

గాలి సంగతి కూడ చెప్పవలసి యున్నది. 1981లో ఫ్రాన్స్ దేశపు బ్రిటనీ తీరమున పుట్టిన వ్యాధి సముద్రము మీదుగా గాలిలో తేలిపోయి ఇంగ్లాండు దక్షిణమున నున్న వైట్ ద్వీపపు పశువులను తాకెను. 2025 జనవరిలో జర్మనీ దేశమున బెర్లిన్ చెంత కొన్ని నీటిగేదెలకు ఈ వ్యాధి సోకెను. 1988 తరువాత ఆ దేశమున అది కనబడుట అదియే మొదలు. అదే సంవత్సరము మార్చి మాసమున హంగేరీ, స్లొవేకియా దేశములలోను తల యెత్తెను. ధనము, విద్య, వైద్యము నిండుగా ఉన్న దేశముల స్థితియే ఇట్లుండగా, గోడకు గోడ ఆనుకొని యున్న మన కొట్టముల మాట చెప్పనేల?

ఇట్టి ఆపద వచ్చినపుడు లోకమున వినబడు తప్పు సమాధానములు మూడు గలవు. మూడింటిని బసవబోధ వెలుగులో పరిశీలింపవలెను.

మొదటిది, ఇది గ్రామదేవత కోపమనుట. మేకను కోసినచో, కోడిని కోసినచో మంద బాగుపడునని నమ్ముట. లింగధారికి ఈ మార్గము ముందే మూయబడినది. ఏకదైవనిష్ఠను బోధించిన బసవేశ్వరుడు ఒక ప్రాణి కొఱకు మరియొక ప్రాణిని బలి యిచ్చుటను ఎన్నడును ఒప్పుకొనలేదు. ఆయన ధర్మమను గృహమునకు దయను పునాదిగా నిలిపెను. పునాదినే త్రవ్వి గోడ కట్టువాడు ఎవడును లేడు గదా!

రెండవది మిక్కిలి సూక్ష్మమైనది. వీరశైవులకు సూతకము లేదు. జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి సూతకములను ఐదింటిని శరణులు త్రోసిపుచ్చిరి. అట్లయినచో రోగము వచ్చిన పశువును వేరుగా కట్టుట, ఆ కొట్టమునకు పోవువాడు కాళ్ళు కడుగుకొనుట, పరులను రానీయకుండుట ఇవన్నియు మైల పాటించుట కాదా అని ఎవరైన అడుగవచ్చును. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. సూతకమనగా ఒక ప్రాణిని అశుచియని యెంచి దూరము పెట్టుట. దానిలో దూరము పెట్టబడినవానికి అవమానమే గాని మేలు లేదు. రోగపు పశువును వేరుగా కట్టుటలో అవమానము లేదు. అది అశుచి అయినందున కాదు, దాని శ్వాసలో ఉన్న విషము ప్రక్క ప్రాణికి అంటకుండుటకై వేరుగా కట్టుట. వేరుగా కట్టిన పశువుకు సేవ తగ్గరాదు, పెరుగవలెను. జావ కాచి త్రాగించవలెను. మెత్తని పచ్చగడ్డి చేతితో అందించవలెను. పశువైద్యుడు చెప్పిన విధమున పలుచని పొటాషియం పర్మాంగనేటు నీటితో నోటిని, గిట్టలను కడుగవలెను. నోటి పుండ్లకు బోరిక్ పొడి కలిపిన గ్లిసరిను పూయవలెను. వేరుచేసి సేవించుట దయ. వేరుచేసి విడిచిపెట్టుట సూతకము. రోగపు ఎద్దును రోడ్డుపై తోలివేసి తలుపు మూసికొనువాడు తాను వదలితినని చెప్పుకొను సూతకమునే మరల ఆచరించుచున్నాడు.

మూడవ సమాధానము నోటితో ఎవరును చెప్పరు, చేతితో చేయుదురు. అది దాచుట. పాడివాని కష్టము ఎరుగనివారు అతనిని నిందించుట సులభము. గేదెకు అప్పు తెచ్చియుండును. పాలు సగమైనవి. వ్యాధి మాట వెలికి వచ్చినచో వాడుకలవారు వేరొకచోట పోయించుకొందురు. ఇంతలో దళారి వచ్చి, ఇంకను గట్టిగా కుంటకముందే సంతకు తోలుము, నాలుగు రూకలైన చేతికి వచ్చునని చెవిలో చెప్పును. అట్లు తోలిన పశువు సంతలో నిలిచిన నూరు పశువుల నడుమ ఊపిరి విడుచును. ఆ సాయంకాలమే అవి నూరు ఊళ్ళకు పోవును. ఒక యింటి నష్టమును నూరు ఇండ్లకు పంచి అమ్ముటయే గదా ఇది!

ఇచ్చట కాయకమను మాటకు అర్థము చూడవలెను. చేయు పని యెల్ల కాయకము కాదు. సత్యశుద్ధముగ చేసినదే కాయకము. అట్టి కాయకపు ఫలమే దాసోహమునకు తగును. ఆయ్దక్కి మారయ్య కథ శరణులకు తెలియనిది కాదు. అంగడి వీధిలో రాలిన బియ్యము ఏరుకొనివచ్చి జంగమదాసోహము చేయుట ఆ దంపతుల నియమము. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని ముట్టలేదు. ఆ మిగులును తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. అవసరమునకు మించిన బియ్యమే పనికిరాదన్న యిల్లాలు, పరుని కొట్టమునకు చావును తోలి తెచ్చిన రూకలను ఇంటిలోనికి రానిచ్చునా? దాచిన రోగపు గేదె పాలు లింగాభిషేకమునకు తెచ్చినచో ఆ పాలు తెల్లగనే ఉండవచ్చును. ఆ కాయకము మాత్రము తెల్లన కాదు.

కల్యాణ నగరమున శరణుల పశువులను కాచిన తురుగాహి రామణ్ణ అను శరణుడుండెను. ఆయన కాయకము పశువులను మేపుటయే. తన అంకితములో సైతము స్వామిని గోపతినాథుడని పిలుచుకొనెను. మంద వెనుక నడచువాడు అనుభవమంటపమున కూర్చుండుటకు అర్హుడని ఆ కాలము ఒప్పుకొనెను. దాని భావమేమి? పశువుల కొట్టము శివపూజకు వెలుపలి స్థలము కాదు. అక్కడ చేసిన అశ్రద్ధ పూజలో చేసిన అశ్రద్ధయే.

శరణుల యిండ్లలో చెప్పుకొను మరియొక కథ గలదు. బసవేశ్వరుని యింటి ఆవులను దొంగలు తోలుకొనిపోయిరి. దూడలు కొట్టములో మిగిలి అరచుచుండెను. బసవేశ్వరుడు ఆవులను వెదకి తెమ్మని భటులను పంపలేదు. తల్లులకై అలమటించుచున్న దూడలను ఆ దొంగల కడకే చేర్చుమనెను. సొత్తు పోయినదను బాధకంటె దూడ ఆకలి ఆయనకు పెద్దదైనది. ఈ కథ వినినవాడు గాలికుంటు వచ్చిన కొట్టములో ఏమి చేయవలెను? తల్లి పొదుగుపై బొబ్బలున్నవి. దూడ దానినే కుడుపబోవుచున్నది. కుడిచినచో దూడ గుండెకు ముప్పు. కావున దూడను తల్లి నుండి వేరుచేసి, ఆరోగ్యముగల వేరొక పశువు పాలను కాచి చల్లార్చి త్రాగించవలెను. బసవేశ్వరుడు దూడను తల్లి దగ్గరకు పంపెను. నేటి శరణుడు దూడను తల్లి నుండి తీసివేయవలసి యున్నది. చేతలు రెండును ఎదురెదురుగ కనబడును. దయ మాత్రము ఒక్కటే. దూడకు ఏది మేలో అదియే రెంటికిని కొలత. దయ కన్నీటితో ముగియరాదు. తెలిసికొనుట కూడ దానిలో భాగము. ఎరుక లేని దయ దూడను విషపు పొదుగునకు విడుచును.

ఈ ఎరుక ఎంత దూరము పోగలదో తెలుపు దృష్టాంతమొకటి గలదు. రిండర్‌పెస్ట్ అను పశుమారి గాలికుంటుకంటె ఘోరమైనది. 1887 ప్రాంతమున సైన్యపు అవసరమునకై ఓడలలో తెచ్చిన పశువులతో అది తూర్పు ఆఫ్రికాలో అడుగుపెట్టి, పది సంవత్సరములలో ఆ ఖండపు దక్షిణపు కొన వరకు పశుసంపదను తుడిచివేసెను. పశువులు పోగా పొలములు బీడుపడెను. మనుష్యులు కరవున కూలిరి. 1920లో భారతదేశము నుండి బ్రెజిలునకు పోవుచున్న పశువులు బెల్జియం రేవున దిగగా ఆ దేశమున అది చెలరేగెను. దానితో దేశములు మేలుకొని, పశువ్యాధుల సమాచారమును ఒకరికొకరు దాచక తెలుపుకొనుటకై 1924లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ సంస్థను స్థాపించుకొనెను. మన దేశమున 1954లో దాని నిర్మూలన కార్యక్రమము మొదలయ్యెను. ఊరూరను టీకాలు వేయబడెను. 1995 తరువాత మన దేశమున అది కనబడలేదు. 2011లో భూమిపై ఎక్కడను లేదని ప్రకటింపబడెను. మశూచి తరువాత మానవుడు సమూలముగ తొలగించిన రెండవ వ్యాధి ఇదియే. దీనిని తొలగించినవారు శాస్త్రజ్ఞులు మాత్రమే కారు. దాచక చెప్పిన కాపరులు, ఎండలో మంచుపెట్టె మోసిన టీకా సిబ్బంది, పగ్గము పట్టుకొని నిలిచిన రైతులు, వీరెల్లరి కాయకమది.

గాలికుంటును జయించుట ఇంకను కష్టము. రిండర్‌పెస్ట్ టీకా ఒకమారు వేసిన ఏండ్ల తరబడి కాచెడిది. గాలికుంటు టీకా బలము కొలది మాసములే. అందుచే ఆరు మాసములకొకసారి మరల మరల వేయించవలెను. నాలుగు మాసములు నిండిన దూడకు మొదటి టీకా, మాసము తరువాత రెండవది, అటుపై ఆరు మాసములకొకటి. ఆ టీకా దూరదేశము నుండి రావలసిన పని లేదు. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 1982లో హైదరాబాదున నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ రైతుకు అందుబాటు ధరలో గాలికుంటు టీకా చేయుటకే పుట్టినది. 2019 సెప్టెంబరు 11న కేంద్ర ప్రభుత్వము 13,343 కోట్ల రూపాయలతో గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధుల నివారణ కార్యక్రమమును ఆరంభించి, 2030 నాటికి వాటిని నిర్మూలింపవలెనని గమ్యము పెట్టుకొనెను. టీకా వేసిన పశువు చెవికి పన్నెండు అంకెల పోగు వేయుదురు.

ఇన్ని వసతులున్నను పగ్గము విప్పి పశువును పెరటిదారిన తప్పించువారు గలరు. సూది వేసిన చోట వాపు వచ్చునని, రెండు దినములు పాలు తగ్గునని వారి భయము. ఆ భయము అబద్ధము కాదు. కొన్ని పశువులకు అట్లగును. కాని రెండు దినముల పాలకు భయపడినవాడు ఒక ఈతకాలపు పాలను, ఒక దూడ ప్రాణమును పణము పెట్టుచున్నాడు. తన పశువునే గాక ప్రక్కవాని పశువును గూడ పెట్టుచున్నాడు. మందలో ఎక్కువ పశువులకు రక్షణ ఉన్నపుడే వ్యాధికి దారి తెగును. కావున టీకా వేయించుట తన కొట్టమునకు చేసికొను రక్ష మాత్రమే కాదు. ఊరికి చేయు దాసోహము.

ఇక గృహస్థులును మఠములును చేయదగిన పనులు కొన్ని గలవు. క్రొత్తగా కొనిన పశువును తెచ్చిన దినముననే మందలో కలుపక రెండు మూడు వారములు వేరుగా కట్టవలెను. వ్యాధి లోన ఉండియు పైకి కనబడని దినములు పదునాలుగు వరకు ఉండును. వ్యాధి వచ్చిన కొట్టమునకు పోయివచ్చినవాడు చెప్పులు, బట్టలు మార్చక తన పశువుల దగ్గరకు పోరాదు. నూరు పాళ్ళ నీటిలో నాలుగు పాళ్ళు చాకలి సోడా కలిపి నేలను, తొట్లను కడిగించవలెను. చనిపోయిన దూడను చెరువు గట్టునను, చెత్తకుప్పలోను పారవేయక లోతుగా గోయి తీసి సున్నము చల్లి పూడ్చవలెను. ఈ వ్యాధి మనుష్యులకు సోకుట అత్యంత అరుదు. అయినను పాలు కాచియే త్రాగవలెను. మొదటి పశువు చొంగ కార్చిన దినముననే పశువైద్యశాలకు తెలుపవలెను. పాలు పోయించుకొను కుటుంబములకును ధర్మమొకటి గలదు. నిజము చెప్పిన పాడివానిని వదలిపోవుట అతనికి అబద్ధము నేర్పుట. ఆ నెల పాలు తక్కువ పోసినను అతని వాడుకను నిలుపుట వారి దాసోహము.

మఠముల జాతరలలో పశువుల సంతలు జరుగుచోట్ల చెవిపోగును, టీకా వివరమును చూచి గాని పశువును లోనికి విడువరాదు. ఊర వ్యాధి ఉన్న సంవత్సరము సంతను మానివేయుట మఠమునకు లోటు కాదు. స్వాములు ఆశీర్వచనమున ఒక్క వాక్యము చెప్పినచో పశువైద్యుడు నూరు మార్లు చెప్పినదానికంటె భక్తుల చెవికి ఎక్కును. బసవజయంతి నాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టుట మన ఆచారము. ఆ నాడే కొమ్ములను చూచిన కన్నులు చెవిపోగును గూడ చూడవలెను. టీకా తప్పిన పశువు కనబడినచో దాని యజమానికి నచ్చజెప్పి, పశువైద్యునికి తెలిపి వేయించుట ఆ నాటి పూజలో భాగము కావలెను.

నోరులేని ప్రాణి తన నొప్పిని చెప్పుకొనలేదు. ప్రక్క కొట్టమునకు వెళ్ళి, నా దగ్గరకు రాకుడని హెచ్చరింపలేదు. ఆ రెండు మాటలను దాని తరఫున పలుకుటకే మనుష్యునకు నోరు ఈయబడినది. నంది యెదుట చేతులు జోడించు ప్రతి లింగధారియు ఆ మాటలను వేళకు పలుకుగాక. కూడలసంగమదేవుడు మూగజీవులను కాచుగాక. కాచు చేతులుగా మనలను నిలుపుగాక.